రాత్రి రాసే నాలుగు అంకెలు

జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్. ఈ నాలుగు నెలల్లో 16, 17 తేదీలు వచ్చాయంటే మన వైపు ఆడిటర్ల ఫోన్లకు తీరిక ఉండదు. "అన్నా, ఈ మూడు నెలల అమ్మకం ఎంత?" అని అటు నుంచి అడుగుతారు. ఇటు అంగట్లో తూకం వేస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఎంతని చెప్పేది సార్, పోయినసారి ఎంత వేసినారో చూసి అటూ ఇటుగా ఏదో ఒకటి వేసేయండి" అంటాం. ఆయన వేసేస్తారు. చలానా కడతాం. మళ్లీ మూడు నెలలు ఆ ఊసే ఉండదు.

ఈ అధ్యాయం ఆ 'ఏదో ఒకటి'ని మీ అంగట్లో నుంచి సాగనంపడానికి. చిన్న వ్యాపారికి జీఎస్టీ చట్టం నిజంగానే కాంపోజిషన్ పథకం అనే దగ్గరి దారి ఇచ్చింది. మూడు నెలలకు ఒక చిన్న ఫారం, ఏడాదికి ఒక రిటర్ను. ఆ చిన్న ఫారంలో నింపాల్సిన వరసలు నాలుగైదుకు మించవు. ఇంత తేలికైనది కూడా భారంగా ఉందంటే, బరువు ఫారంలో లేదు. ఆ వరసల్లో వేయాల్సిన అంకె మన దగ్గర లేదు. అది పోర్టల్లో దొరకదు, ఆడిటర్ దగ్గరా దొరకదు. మీరు రాత్రి అంగడి మూసే ముందు రాసుకుంటేనే ఉంటుంది.

చిన్నవాడికి వేరే దారి ఉండాలన్న ఆలోచన జీఎస్టీతో పుట్టింది కాదు. సరుకులన్నింటి మీదా సాధారణ అమ్మకపు పన్ను మన దేశంలో మొదట వచ్చింది 1939లో, రాజాజీ నడిపిన మద్రాసు ప్రభుత్వం చేతుల మీదుగా. అప్పుడు అనంతపురం జిల్లా మద్రాసు కిందే ఉంది కాబట్టి ముదిగుబ్బ, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వ్యాపారులు ఆ పన్నును పుట్టినప్పటి నుంచీ చూసినవారే. ఆ చట్టంలో ఏడాది అమ్మకం 10 వేల లోపు ఉంటే పన్ను లేదు. 20 వేల దాకా ఉంటే నెలకు 5 రూపాయలు కట్టి ఊరుకోవచ్చు. శాతాల లెక్క ఆ పైవారికే. ఆ పన్ను వేసే అధికారం రాష్ట్రానికి ఉందా లేదా అన్న తగాదా బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే నూనె వ్యాపారుల కేసులో ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. 1942లో కోర్టు ఆ పన్ను చెల్లుతుందని తేల్చింది. నూనె, చెక్క అమ్ముకునేవారి పేరు దేశపు పన్నుల చరిత్రలో అలా నిలిచిపోయింది.

ఆ తర్వాత 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్ వచ్చాయి. వ్యాట్ మొదలైనప్పుడు 5 లక్షల నుంచి 40 లక్షల వరకు అమ్మకం ఉన్నవారిని టీఓటీ (టర్నోవర్ ట్యాక్స్) డీలర్లు అన్నారు. మూడు నెలలకోసారి రిటర్ను, అమ్మకం మీద 1 శాతం. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందా? ఇప్పటి కాంపోజిషన్ పథకం దాదాపు అదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు దీనికి పరిమితి 75 లక్షలు. అదే ఏడాది అక్టోబర్‌లో కోటి చేశారు. 2019 ఏప్రిల్ నుంచి కోటిన్నర. పేర్లు మారాయి, అంకెలు పెరిగాయి, దారి మాత్రం ఉంది. ఈ 80 ఏళ్లకు పైగా కాలంలో ఏ ప్రభుత్వమూ వచ్చి మన చిట్టా మనకు రాసి పెట్టలేదు. పెట్టజాలదు కూడా.

అసలు మీకు రిజిస్ట్రేషన్ కావాలా

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మెకానిక్ షెడ్డు, ఫొటో స్టూడియో లాంటి సేవలకు 20 లక్షలే. హైదరాబాద్‌లో ఉన్న బంధువు "సరుకుకైనా 20 లక్షలే కదా" అంటే ఆయన తప్పు చెప్పడం లేదు. తెలంగాణలో హద్దు అదే. మీది ఆంధ్ర, మీ హద్దు వేరు.

పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హిందూపురంలో చింతపండు వ్యాపారం ఎంత పెద్దదో ఈ ప్రాంతంవారికి చెప్పనక్కర్లేదు. ఎండు చింతపండు మీద 2019 అక్టోబర్ 1 నుంచి పన్ను లేదు. సొంత పొలంలో పండిన శెనక్కాయ అమ్ముకునే రైతుకూ రిజిస్ట్రేషన్ లేదు. అదే శెనక్కాయను పది మంది రైతుల దగ్గర కొని అమ్మే వ్యాపారి సంగతి వేరు, ఆయనకు హద్దులన్నీ వర్తిస్తాయి. ఇటుకల బట్టీవారు ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇటుకలు తయారుచేసేవారికి 40 లక్షల హద్దు లేదు, 20 లక్షలే. కాంపోజిషన్ కూడా వారికి లేదు.

మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైన షరతు కర్ణాటక సరిహద్దు. హిందూపురం దాటితే కర్ణాటక. కొడికొండ దాటితే బాగేపల్లి. ముదిగుబ్బ నుంచి బెంగళూరుకు వెళ్లి సరుకు తెచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు, కాంపోజిషన్‌లో ఉన్నా తెచ్చుకోవచ్చు. ఇక్కడి నుంచి అక్కడికి అమ్మితే మాత్రం అది రాష్ట్రం దాటిన అమ్మకం. ఒక్క లక్ష అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి, కాంపోజిషన్ పనికిరాదు. చేనేతతో సహా కొన్ని చేతివృత్తుల సరుకుకు 20 లక్షల లోపు ఇందులో మినహాయింపు ఉంది. దానికీ పాన్ ఉండాలి, ఈ-వే బిల్లు ఉండాలి. ధర్మవరం చీరలు వాట్సాప్‌లో చూపించి చెన్నైకో బెంగళూరుకో పార్శిల్ వేసేవారు ఈ పేరా ఆడిటర్‌కు చూపించి తమ సంగతి అడిగి తేల్చుకోవాలి.

"మనల్ని ఎవరు చూస్తారులే" అనుకునే రోజులు పోయాయని 2025 జులైలో పక్క రాష్ట్రం చూపించింది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐలో వచ్చిన డబ్బును బట్టి వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో టీ కొట్లు, బేకరీల ముందు 'యూపీఐ లేదు, నగదు మాత్రమే' అన్న కాగితాలు వెలిశాయి. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి సుమారు 29 లక్షల నోటీసు వచ్చింది. కూరగాయల మీద అసలు పన్నే లేదు. పన్ను లేని సరుకు అమ్మినవారి దగ్గర వసూలు చేయబోమని చివరికి ప్రభుత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ గొడవలో తప్పు ఎవరిదన్నది పక్కన పెట్టి ఒక విషయం చూడండి. ఫోన్‌లోకి డబ్బు వచ్చిందని బ్యాంకుకు తెలుసు, ఎందుకు వచ్చిందో తెలియదు. అది చెప్పగలిగింది మీ పుస్తకం ఒక్కటే. నగదుకు మారిపోవడం నాకు విరుగుడుగా కనిపించదు. మీ అమ్మకం 30 లక్షలే అని చూపించడానికి ఆధారం కావాలన్నా ఆ ఫోన్ లెక్కా, ఈ పుస్తకం లెక్కా రెండూ ఉండాలి.

నాలుగు అంకెలు

ఒక నోటు పుస్తకం కొనండి. కంప్యూటర్, బిల్లింగ్ మెషిన్ ఉంటే మంచిదే, లేదని ఆగకండి. రోజుకు ఒక వరస. తేదీ, దాని పక్కన నాలుగు అంకెలు: రొక్కం అమ్మకం, ఫోన్ అమ్మకం, అప్పు అమ్మకం, ఈ మొత్తంలో పన్ను లేని సరుకు ఎంత.

రొక్కం అంటే గల్లాపెట్టెలో మిగిలింది కాదు. పొద్దున చిల్లర కోసం వేసిన డబ్బు తీసేయాలి. పగలు గల్లాలోంచి ఇచ్చిన ఆటో బాడుగ, పాలవాడి డబ్బు, ఇంటికి పంపిన 500 కలపాలి. ఇవి రాత్రికి గుర్తుండవు. అందుకే గల్లాలోంచి తీసిన ప్రతిసారీ ఒక చీటీ మీద రాసి గల్లాలోనే పడేయండి. రాత్రికి చీటీలు కూడితే సరిపోతుంది.

ఫోన్ అమ్మకం చూడటానికి తేలిక, చిక్కంతా అందులోనే. అంగడి క్యూఆర్ కోడ్ మీ సొంత ఖాతాకు కట్టి ఉంటే అల్లుడు పంపిన డబ్బు, చీటీ పాడిన డబ్బు, బంగారం కుదువ పెట్టి తెచ్చిన లోను అన్నీ ఒకచోట పడతాయి. నాలుగేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే ఏది అమ్మకమో మీకే తెలియదు. అంగడికి విడిగా ఒక ఖాతా, విడిగా ఒక క్యూఆర్ పెట్టుకోండి. ఈ పుస్తకంలో చెప్పిన పనుల్లో ఈ వారమే చేయాల్సింది ఏదంటే ఇదే.

అప్పు అమ్మకం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన నేలలో వ్యాపారం నడిచేదే దాని మీద. వాన పడి శెనక్కాయ విత్తే జూన్, జులై నెలల్లో రైతు చేతిలో రొక్కం ఉండదు. ఇంటి సరుకు, పురుగుమందు, బట్టలు అన్నీ ఖాతా మీదే పోతాయి. పంట చేతికొచ్చి అమ్ముడయ్యాక నవంబర్, డిసెంబర్‌లలో బాకీ తీరుస్తారు. చట్టం మాత్రం డబ్బు వచ్చిన రోజు చూడదు, సరుకు ఇచ్చిన రోజు చూస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఇచ్చిన అప్పు సరుకుకు పన్ను అక్టోబర్ 18కే కట్టాలి. బాకీ అప్పటికి వసూలై ఉండదు. కాంపోజిషన్‌లో పన్ను 1 శాతమే కాబట్టి ప్రాణం మీదికి రాదు గానీ, ముందే తెలిసి ఆ డబ్బు పక్కన పెట్టుకున్నవారికీ అప్పటికప్పుడు వెతుక్కునేవారికీ తేడా ఉంది.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. డిసెంబర్‌లో రైతు 20 వేల పాత బాకీ ఫోన్‌లో వేస్తే అది ఆ రోజు అమ్మకం కాదు. జులైలోనే అమ్మకంగా రాశారు, దాని మీద పన్ను కట్టారు. మళ్లీ ఫోన్ అమ్మకంలో కలిపితే ఒకే సరుకుకు రెండుసార్లు కట్టినట్టు. వానాధారం సేద్యం ఉన్న ఊళ్లలో చాలా అంగళ్ల లెక్క తప్పేది ఇక్కడే. ఖరీఫ్ త్రైమాసికంలో తక్కువ చూపిస్తారు, పంట నెలల్లో ఎక్కువ చూపిస్తారు, రెండూ తప్పే. అందుకే పాత బాకీ వసూళ్లు అదే వరస చివర విడిగా రాయండి. అమ్మకంలో కలపకండి.

నాలుగోది పన్ను లేని సరుకు. కాంపోజిషన్‌లో ఉన్న వ్యాపారి 1 శాతం కట్టాల్సింది పన్ను ఉన్న సరుకు అమ్మకం మీదే. విడి బియ్యం, విడి పప్పులు, విడి బెల్లం, ఉప్పు, కోడిగుడ్లు, కూరగాయలు ఆ లెక్కలోకి రావు. కోటిన్నర హద్దు చూసేటప్పుడు అవి కూడా లెక్కే, పన్ను కట్టేటప్పుడు కాదు. ఈ ఒక్క గడి ఖాళీగా వదిలేసి మొత్తం అమ్మకం మీద పన్ను కడుతున్న కిరాణా అంగళ్లు తక్కువేమీ కాదు. ఒకటి చూసుకోండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాకెట్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండికి 5 శాతం పన్ను ఉంది. మూట విప్పి తూకం వేసి అమ్మితే లేదు. ప్రతి అమ్మకమూ విడదీయడం మీకు కుదరకపోతే, పన్ను లేని రకాలు మీ అంగట్లో పదో పదిహేనో ఉంటాయి, వాటిని మాత్రమే ఒక అట్ట మీద గీతలు గీసి రోజంతా లెక్క పెట్టండి. మిగిలిందంతా పన్ను ఉన్నదే.

రోజూ రాత్రి రాయమనడం నా చాదస్తం అనుకోకండి. చట్టంలోనూ ఉంది. 200 రూపాయల లోపు అమ్మకానికి కొన్నవారు అడగకపోతే విడిగా బిల్లు ఇవ్వక్కర్లేదు. అలాంటివన్నీ కలిపి రోజు చివర ఒక బిల్లు రాసి పెట్టుకోవాలి. ముదిగుబ్బ లాంటి ఊరి అంగట్లో ఎక్కువ అమ్మకాలు 200 లోపువే. అంటే రాత్రి రాసే ఆ వరస మీ సౌకర్యానికీ పనికొస్తుంది, చట్టం అడిగే కాగితానికీ ఆధారమవుతుంది. కొనుగోలు బిల్లులు నెలకో కవరులో వేసి పెట్టండి. ఏడాది రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. చెద పట్టని చోట.

కాంపోజిషన్‌లో ఏం చేయాలి

మూడు నెలలు పూర్తయ్యాక వచ్చే నెల 18లోగా వేయాల్సిన ఆ చిన్న ఫారం సీఎంపీ-08. ఉదాహరణకు ఒక కిరాణా అంగడి మూడు నెలల్లో 15 లక్షలు అమ్మిందనుకుందాం. అందులో పన్ను లేని సరుకు 4 లక్షలు. మిగిలిన 11 లక్షల మీద 1 శాతం, 11 వేలు. 5,500 కేంద్రానికి, 5,500 రాష్ట్రానికి. పోర్టల్లో ఈ అంకె వేయాలి, నెట్ బ్యాంకింగ్‌లోనో, 10 వేల లోపు చలానా అయితే బ్యాంకు కౌంటర్లోనో కట్టాలి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో పూర్తి చేయాలి. ఆ మూడు నెలలూ అమ్మకమే లేకపోతే 14409కు ఎస్ఎంఎస్ పంపి కూడా ముగించవచ్చు. తయారీదారులకూ 1 శాతమే. హోటలుకు 5. సేవలే ప్రధానమైనవారికి 6 శాతం, 50 లక్షల లోపు.

ఏడాదికి ఒకసారి జీఎస్టీఆర్-4. 2024-25 నుంచి దీనికి గడువు జూన్ 30, అంతకు ముందు ఏప్రిల్ 30 ఉండేది. ఇందులో మీరు ఎవరి దగ్గర ఎంత కొన్నారో చూపాలి, కవర్లలో దాచిన బిల్లులు అప్పుడు పనికొస్తాయి. మీరు ఆడిటర్‌ను తప్పకుండా అడగాల్సిన మాట ఒకటుంది: "6వ పట్టిక నింపినారా సార్?" సీఎంపీ-08లో కట్టినవి 5వ పట్టికలో వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అది చూసి పని అయిపోయిందనుకుని 6వ పట్టిక ఖాళీగా వదిలేస్తే, మీకు అసలు పన్నే పడలేదనీ కట్టిందంతా ఎక్కువ కట్టారనీ వ్యవస్థ అనుకుంటుంది. తర్వాత దాన్ని సరిచేసుకోవడం పెద్ద పని.

సీఎంపీ-08 ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. 12 వేలు నెల రోజులు ఆలస్యమైతే 178 రూపాయల దాకా. అంతేలే అనుకోకండి, వరసగా రెండు త్రైమాసికాలు వేయకపోతే ఈ-వే బిల్లులు ఆగిపోతాయి. జీఎస్టీఆర్-4 ఆలస్యానికి రోజుకు 50, గరిష్ఠంగా 2 వేలు.

బిల్లు మీద పన్ను విడిగా వేయకూడదు. మీరు ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. దాని పైన మీరు కాంపోజిషన్ పన్నుదారు అనీ పన్ను వసూలు చేయడానికి వీల్లేదనీ రాసి ఉండాలి, అంగడి బోర్డు మీద కూడా కాంపోజిషన్ పన్నుదారు అని ఉండాలి. కొనుగోలు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కోటిన్నర దాటిన రోజు నుంచి మామూలు జీఎస్టీ దారిలోకి వెళ్లాలి, ఏడు రోజుల్లో పోర్టల్లో చెప్పాలి.

తేలికైనది, చౌకైనది

ఈ రెండూ ఒకటి కాకపోవచ్చు. ఇది 2025 సెప్టెంబర్ 22 తర్వాత మరీ నిజమైంది. ఆ రోజు నుంచి ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. కాంపోజిషన్ వ్యాపారి కట్టే 1 శాతం మాత్రం అలాగే ఉంది.

పై కిరాణా అంగడి లెక్కే తీసుకుందాం. ఏడాదికి పన్ను ఉన్న సరుకు 44 లక్షలు. కాంపోజిషన్‌లో 44 వేలు కడతారు. అదే మామూలు దారిలో, సరుకంతా 5 శాతందే అయి, నూటికి పది రూపాయల మార్జిన్ ఉంటే, కొన్నప్పుడు కట్టిన పన్ను తీసేయగా చేతి నుంచి కట్టాల్సింది సుమారు 19 వేలు. కాంపోజిషన్‌లో 25 వేలు ఎక్కువ పోతున్నట్టు. అదే 44 లక్షలూ 18 శాతం సరుకైతే, అంటే పెయింట్లు, సిమెంటు, శానిటరీ సామాన్లు అయితే, మామూలు దారిలో 61 వేలు, కాంపోజిషన్‌లో 44 వేలే. 5 శాతం సరుకులో మార్జిన్ నూటికి 27 దాటితేనే కాంపోజిషన్ లాభం. కిరాణాలో అంత మార్జిన్ ఎవరికి ఉంది?

ఆ 25 వేలకు ఎదురుగా కొన్ని ఖర్చులు పెట్టి చూడాలి. మామూలు దారిలో రిటర్నులు ఎక్కువ, ఆడిటర్ ఫీజు ఎక్కువ, అమ్మకం బిల్లులు పద్ధతిగా ఉండాలి, సరఫరాదారు తన రిటర్నులో మీ బిల్లు చూపిస్తేనే కొన్నప్పుడు కట్టిన పన్నుకు మీకు క్రెడిట్. రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర అంగడి అద్దెకు తీసుకుంటే 2024 అక్టోబర్ 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం మీరే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. కాంపోజిషన్‌వారిని 2025 జనవరి 16 నుంచి ఈ అద్దె పన్ను నుంచి తప్పించారు. ఇవన్నీ మీ అంకెలతో వేసి చూసుకోండి, పక్క అంగడి అంకెలతో కాదు.

ఎవరికి అమ్ముతున్నారన్నది కూడా తూకంలోకి రావాలి. ముదిగుబ్బలో ఇళ్లకు సరుకు అమ్మే అంగడికి కాంపోజిషన్ వల్ల కొన్నవారికి నష్టం లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం, దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు ఉన్నాయి. వాటికి హార్డ్‌వేర్, స్టేషనరీ, ప్యాకింగ్ సామాను అమ్మే వ్యాపారిని వారు మొదట అడిగేది పన్ను బిల్లు. మీరు కాంపోజిషన్‌లో ఉంటే వారికి క్రెడిట్ రాదు, వేరే అంగడి వెతుక్కుంటారు. ధర్మవరం చీరల వ్యాపారికి సరిహద్దు సంగతి ముందే చెప్పాను.

మామూలు దారిలోనూ చిన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. 2021 జనవరి నుంచి 5 కోట్ల లోపు ఉన్నవారు క్యూఆర్‌ఎంపీ పద్ధతి ఎంచుకుని రిటర్నులు మూడు నెలలకోసారి వేయవచ్చు. పన్ను మాత్రం మొదటి రెండు నెలలకూ మరుసటి నెల 25లోగా పీఎంటీ-06 చలానాలో కట్టాలి. పోయిన త్రైమాసికంలో చేతి నుంచి కట్టిన దానిలో 35 శాతం కడితే చాలు, మిగిలింది మూడో నెలలో తేల్చుకోవచ్చు. మన రాష్ట్రంలో జీఎస్టీఆర్-3బి గడువు త్రైమాసికం తర్వాతి నెల 22, జీఎస్టీఆర్-1కు 13. ఫ్యాక్టరీలకు అమ్మే పెనుకొండ వ్యాపారికి నేను చెప్పేది ఇదే.

చిన్న వ్యాపారి లెక్క తేలిక చేయడానికి ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంది. జపాన్‌లో 5 కోట్ల యెన్‌ల లోపు చిల్లర వ్యాపారి కొనుగోళ్లు విడిగా చూపక్కర్లేదు, అమ్మకంలో 80 శాతం కొనుగోలే అనుకుని పన్ను లెక్క వేసుకోవచ్చు. మనవాళ్లు ఎంతోమంది ఉన్న డల్లాస్ వైపు, టెక్సాస్ రాష్ట్రంలో, అమ్మకపు పన్ను గడువులోగా కట్టిన అంగడివాడు అందులో అర శాతం తానే ఉంచుకోవచ్చు. సకాలంలో కట్టినవారికి అలాంటి చిన్న మన్నన మన దగ్గరా ఉంటే ఎంత బాగుండు! అపరాధ రుసుము ఒక్కటే మనిషిని క్రమంలో పెట్టదు.

ఆడిటర్ గురించి రెండు మాటలు. రిటర్ను ఆయన వేస్తే తప్పు లేదు, చాలామందికి అదే మేలు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవై ఉండాలి. సౌకర్యం కోసం ఆడిటర్ నంబరే ఇచ్చేసిన అంగళ్లు ఎన్నో. ఓటీపీ ఆయనకే వెళుతుంది, నోటీసు కూడా ఆయనకే వెళుతుంది. ఆయన ఊరు మారితే మీ గడువులు, నోటీసుల సంగతి మీకు చెప్పేవారుండరు. ఈ నెలలోనే పోర్టల్లో మార్పించుకోండి. రిటర్ను వేసిన ప్రతిసారీ కాపీ వాట్సాప్‌లో అడిగి తీసుకుని, అందులోని అమ్మకం అంకె మీ పుస్తకంలో ఉన్నదేనా అని చూడండి.

కాంపోజిషన్‌లోకి మారడానికి ఏడాదికి ఒక్కసారే వీలుంది. మామూలు దారి నుంచి వచ్చే ఏడాదికి కాంపోజిషన్‌లోకి రావాలంటే మార్చి 31లోగా పోర్టల్లో సీఎంపీ-02 వేయాలి. అంగట్లో మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టి, ఏప్రిల్ 1 నుంచి 60 రోజుల్లో ఐటీసీ-03 ఫారం ఇవ్వాలి. కాబట్టి లెక్క చూసుకోవాల్సింది ఫిబ్రవరిలో. సంక్రాంతి అమ్మకాలు అయిపోయి ఉంటాయి, శెనక్కాయ బాకీలు చాలావరకు వచ్చి ఉంటాయి, పుస్తకంలో పది నెలల వరసలు ఉంటాయి. ఒక ఆదివారం అంగడి మధ్యాహ్నానికే మూసి ఆ నాలుగు గళ్లూ కూడండి. పన్ను ఉన్న సరుకులో 5 శాతానిది ఎంత, 18 శాతానిది ఎంత అని కొనుగోలు బిల్లుల నుంచి తీయండి. ఆ కాగితంతో ఆడిటర్ దగ్గరికి వెళ్లి "సార్, ఈ అంకెలకు ఏది మేలు?" అని అడగండి.